పట్టేసిన అంబాసిడర్ ఇంజిన్‌ని ఇంట్లోనే కదిలించాను

అమలాపురం దగ్గర మా పెదనాన్నగారి కొబ్బరితోటలో, పాక కింద ఏళ్ల తరబడి నిలిచిపోయిన అంబాసిడర్ మార్క్ 4 అది. ఇంజిన్ పూర్తిగా పట్టేసింది, అంటే లోపల బిగుసుకుపోయి తిరగడం లేదు. ఇలాంటి బండికి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకూడదు. తుప్పుకి అతుక్కున్న పిస్టన్ రింగులు విరగొచ్చు, సిలిండర్ గోడలు గీసుకుపోవచ్చు.

నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో డీజిల్, ఇంజిన్ ఆయిల్ సమంగా కలిపి కాస్త పోశాను. తొందరపడకుండా రోజుల తరబడి నాననిచ్చాను. తర్వాత నాలుగో గేరు వేసి, నేనూ తమ్ముడూ బండిని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపాం. కదలిక తెలిశాక, ఇంజిన్‌ని చేత్తో తిప్పే స్టార్టింగ్ హ్యాండిల్‌తో తిప్పాం. ఎంత సంతోషమేసిందో! డీజిల్ కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది కాబట్టి స్టార్ట్ చేసే ముందే ఆ ఆయిల్ మార్చేయాలి.

పాత పెట్రోలు జిగురైపోయింది, ట్యాంకు విప్పి కడిగాం. డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే పాయింట్లని సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, సందు 0.4 మి.మీ. దగ్గర పెట్టాను. ప్లగ్గు వైర్ల వరుస, అంటే సిలిండర్లకి స్పార్క్ అందే క్రమం, 1-3-4-2.

స్టార్టయింది కదా అని రోడ్డెక్కించలేదు. బ్రేక్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది, కోనసీమ గాలిలో తేమకేం తక్కువ? చక్రాల దగ్గర బ్రేకుల్ని నొక్కే వీల్ సిలిండర్లు లోపల తుప్పే. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగినా, వాటి రబ్బరు కిట్లు రాజమండ్రిలో దొరికాయి. ఫ్లోర్ రేకు పని మాత్రం వానలు తగ్గాకే.