సీనియర్ హైస్కూల్లో ఫ్రెంచ్ తీసుకునే ముందు ఇవి చూసుకోండి

☐ కోర్సు ఏ స్థాయి నుంచి మొదలవుతుందో ముందే అడగండి. కొన్ని కోర్సులు అక్షరాల నుంచి నేర్పుతాయి, కొన్ని ఇదివరకే చదివినవాళ్ల కోసం. తెలియక చేరితే మొదటి నెలలోనే టెన్షన్.

☐ పాత ప్రశ్నపత్రాలు తిరగేయండి. వినడానికి, మాట్లాడడానికి మార్కులు లేకపోతే, ఆ సాధన మీరే విడిగా పెట్టుకోవాలి. లేదంటే రెండేళ్లు చదివినా నోరు పెగలదు, అది నిజంగా బాధాకరం.

☐ ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాసుకోకండి. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. ఫ్రెంచ్‌లోని ముక్కు శబ్దాలకు, ‘ఇ’ అంటూ పెదవులు గుండ్రంగా చుట్టి పలికే అచ్చుకు మన లిపిలో సరైన గుర్తులు లేవు. పైగా పదం చివరి హల్లు చాలాసార్లు పలకదు, తర్వాతి పదం అచ్చుతో మొదలైతే కొన్నిచోట్ల పలుకుతుంది. ముందు ఆడియో వినండి, తర్వాతే పాఠం చదవండి.

☐ నామవాచకాన్ని లింగంతో కలిపి రాసుకోండి. ఫ్రెంచ్‌లో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. విశేషణం కూడా దాన్నిబట్టే మారుతుంది కాబట్టి తర్వాత నేర్చుకుందాంలే అనుకోవద్దు.

☐ ఫోన్‌లో ఫ్రెంచ్ కీబోర్డు పెట్టుకోండి.

☐ డెల్ఫ్ (ఫ్రెంచ్ ఎంత వచ్చో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) రాసే ఆలోచన ఉంటే, స్కూలు పరీక్షల తేదీలతో తగలకుండా చూసుకోండి. 100కి 50 వస్తే పాస్, కానీ నాలుగు భాగాల్లో ప్రతిదానిలో 25కి కనీసం 5 రావాలి. సర్టిఫికెట్‌కు గడువు ఉండదు, తొందరపడక్కర్లేదు.