మూసిన గదిలో ఆకుకూరలు: దీపం, వేడి, గాలి

కిటికీ లేని గదిలో లెట్యూస్, పాలకూర, టమాటా నారు పెంచాలనుకునేవారు నన్ను మొదట అడిగేది ఏ దీపం కొనాలని. ఆ దీపం వేడిని ఎటు పంపుతారని నేను ఎదురు అడుగుతాను. ఎల్‌ఈడీ దీపానికి వేడి ఉండదన్న మాట నమ్మకండి. అది వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి ఆ గదిలోనే వేడిగా మారుతుంది. మొక్క తనలో దాచుకునేది బహు స్వల్పం. 400 వాట్ల దీపాలు పెట్టారంటే 400 వాట్ల హీటరు పెట్టారనే లెక్క.

దీపం పెట్టె మీద రాసిన ల్యూమెన్లు మన కంటికి సంబంధించిన కొలత. ఆకుకు కావలసింది చదరపు మీటరుకు, సెకనుకు ఎన్ని మైక్రోమోళ్ల కాంతి పడుతోందన్నది (ఇది కాంతి రేణువుల లెక్క; పది లక్షల మైక్రోమోళ్లు ఒక మోల్). ఆకుల ఎత్తులో 250 మైక్రోమోళ్లు పడుతూ రోజుకు 16 గంటలు వెలిగితే చదరపు మీటరుకు రోజు మొత్తం 14.4 మోళ్లు. లెట్యూస్‌కు అది చక్కగా సరిపోతుంది. టమాటా దండిగా కాయాలంటే ఆ మొత్తం 20 మోళ్లు దాటాలి. ఆ కరెంటు ఖర్చు నాకు దండగ అనిపిస్తుంది, అందుకే నారు దాకానే పెంచుతాను. త్వరగా ఎదుగుతాయని 24 గంటలూ దీపం వెలిగించకండి. చీకటే లేకపోతే టమాటా ఆకులు పసుపుబారతాయి. మొలకలు సన్నగా సాగి ఒరిగిపోతుంటే దీపం కిందికి దించాలి. పై ఆకులు మాత్రమే తెల్లబారుతుంటే పైకి ఎత్తాలి.

ఇక వేడి. బయటి గాలి కంటే గది 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే, 400 వాట్లకు గంటకు సుమారు 240 ఘనపు మీటర్ల గాలి బయటికి పోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీద రాసి ఉండే అంకె గొట్టాలేవీ తగిలించనప్పటిది. గొట్టం పొడవు పెరిగినా, మలుపులు ఉన్నా గాలి తగ్గుతుంది కనుక ఒక మెట్టు పెద్దదే తీసుకోండి. దాన్ని పైన బిగించి, గాలి లోపలికి వచ్చే దారిని ఎదుటి గోడకు కింద పెట్టండి. రెండూ ఒకే మూల ఉంటే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, మొక్కలను తాకదు. తలుపు కాస్త తెరిచి సందు దగ్గర పలుచని కాగితం పట్టుకోండి. అది లోపలికి లాగినట్టు వంగాలి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. లెట్యూస్ మొక్కను చేతిలోకి తీసుకుని నడిమి ఆకులు విప్పి చూడండి. పైకి నిగనిగలాడుతున్నా, లోపలి లేత ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి కాలినట్టు ఉంటాయి. ఎరువు తక్కువైందని కాల్షియం పోస్తారు, ఫలితం ఉండదు. కాల్షియం నీటితోపాటే పైకి ఎక్కుతుంది. ఆకు నుంచి నీరు ఆవిరైతేనే వేరు మళ్లీ నీటిని లాగుతుంది. ముడుచుకున్న ఆకుల మధ్య గాలి కదలకపోతే ఆ లాగుడు ఉండదు. దీనికి మందు చిన్న ఫ్యాను. ఆకులన్నీ మెల్లగా వణకాలి, ఏ ఒక్కటీ ఊగిపోకూడదు. ఒకే మొక్క మీదికి తిప్పి పెట్టకుండా గోడకు తగిలి తిరిగి వచ్చేలా పెట్టండి.

థర్మామీటరు, తేమ కొలిచే మీటరు ఆకుల ఎత్తులో, దీపం నేరుగా పడకుండా నీడ కల్పించి వేలాడదీయండి. గోడ మీది అంకెతో పనిలేదు. 25 డిగ్రీల దగ్గర 65 నుంచి 70 శాతం తేమ ఆకుకూరలకు హాయి.

దీపాలు ఆరాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. 25 డిగ్రీల్లో 65 శాతం తేమ ఉన్న గాలి 18కి చల్లబడితే చాలు, ఆకుల మీద నీరు పట్టి బూజుకు దారి ఇస్తుంది. అందుకని చీకటి వేళ చిన్న ఫ్యాను ఆపకండి, ఎగ్జాస్ట్ వేగం తగ్గించినా పూర్తిగా కట్టేయకండి. నీళ్లు దీపాలు వెలిగిన వెంటనే పోయండి, ఆరబోయే ముందు వద్దు.

బయట ఎండ మండిపోతుంటే ఏ ఎగ్జాస్ట్ కూడా గదిని బయటికంటే చల్లబరచలేదు. అప్పుడు టైమరు తిప్పేయండి: దీపాలు సాయంత్రం వెలిగి, ఎండ ముదిరేలోపు ఆరిపోవాలి. మొక్కలకు కావలసింది 16 గంటల వెలుతురే, అది మన పగలే కానక్కర్లేదు.