వేట నిషేధానికి ముందు బోటు ఇంజనుకు చేయాల్సిన పని

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం. విశాఖలోని పెదజాలరిపేట ఒడ్డుకు మా ఫైబర్ బోటును లాగిన రోజే నేను దాని వెనక తగిలించే పెట్రోలు ఇంజను (అవుట్‌బోర్డ్) పని పడతాను. రేపు చూద్దామంటే ఉప్పు ఊరుకోదు.

ఇంజనును డ్రమ్ముకు బిగించి, నీటి పంపు మునిగేదాకా మంచినీళ్లు నింపి, గేరు వేయకుండా పది నిమిషాలు నడపండి. వెనక నుంచి నీటి ధార చిమ్ముతూనే ఉండాలి. చివర్లో పెట్రోలు గొట్టం తీసేస్తే కార్బురేటర్‌లో మిగిలింది కాలిపోయి ఇంజను దానంతట అదే ఆగుతుంది. ఆ మిగులే రెండు నెలల్లో జిగురై ప్రాణం తీస్తుంది. తర్వాత స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు టూ స్ట్రోక్ ఆయిల్ పోసి, స్టార్టు చేసే తాడును మెల్లగా నాలుగుసార్లు లాగండి.

గేరు ఆయిల్ మాత్రం తప్పక దించి చూడండి. ఒక ఏడాది నాకు పాలు పోసిన టీలా దిగింది. నీళ్లలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లర్) విప్పితే ఇరుసుకు బిగుసుకున్న నైలాన్ వల దారం! అదే సీలును కోసేసి నీళ్లు లోపలికి పంపింది. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలో కనిపించేదాకా. ఇరుసుకు గ్రీజు పూయండి.

ఇంజనును పడుకోబెట్టకండి, నిలువుగానే ఉంచండి. బోటు అడుగు బిరడా తీసి ఇంట్లో దాచండి. నేను మాత్రం ఏటా అది ఎక్కడ పెట్టానో మా ఆవిడనే అడుగుతాను.