భవనానికీ సభ్యులకూ వయసు మీదపడినప్పుడు సొసైటీని నిలబెట్టుకోవడం ఎలా?

షోలాపూర్ తూర్పు పేటల్లో మగ్గం మీదా బీడీ మీదా బతికిన తెలుగు కుటుంబాలు, విడివిడిగా స్థలం కొని ఇల్లు కట్టుకునే స్తోమత లేకనే గృహనిర్మాణ సొసైటీలలో చేరాయి. ఆనాడు చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి షేరు డబ్బు కట్టిన తల్లి, ఈనాడు మెట్లెక్కలేక గోడ పట్టుకుంటే ఆ గోడ పెచ్చు ఆమె చేతిలోకి ఊడి వస్తోంది. ఇటువంటి సొసైటీని బాగుచేయాలనుకున్నవారు సాధారణంగా సిమెంటుతోనో రంగులతోనో మొదలుపెడతారు. పన్నెండేళ్లుగా మా సొసైటీ కమిటీలో ఉన్న నేను మాత్రం సభ్యుల రిజిస్టరుతో మొదలుపెట్టమని చెబుతాను.

ముందు రిజిస్టరు

మహారాష్ట్రలో ప్రతి సొసైటీ దగ్గరా సభ్యుల వివరాల ఐ ఫారం, సభ్యుల జాబితా అయిన జె ఫారం ఉండాలి. ఆ రెండూ చేతబట్టుకుని ఇంటింటికీ వెళ్లి, షేరు సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంది, ఆ మనిషి ఉన్నారా, నామినీగా ఎవరిని రాశారు, ఆ నామినీ అయినా ఉన్నారా అని అడిగి రాసుకోండి. మా భవనంలో 24 ఇళ్లున్నాయి. నాలుగేళ్ల కిందట ఈ పని చేస్తే ఏడు సర్టిఫికెట్లు చనిపోయినవారి పేరిటే ఉన్నాయని తేలింది. వాటిలో ఒకదానికి నామినీగా రాసిన పెద్దకొడుకు తల్లికంటే ముందే పోయాడు. మొత్తం సభ్యులలో మూడింట రెండు వంతులు లేదా 20 మంది, ఏది తక్కువైతే అది కోరం, అంటే సమావేశం చెల్లడానికి రావలసిన కనీస సంఖ్య, కనుక మాకు 16 మంది కావాలి. ఆ ఏడు ఇళ్ల తరఫున సమావేశానికి రావలసినవారే లేరు. అంతకు ముందు ఏడాది పైకప్పు మరమ్మతు కోసం పిలిచిన సర్వసభ్య సమావేశానికి 11 మందే వచ్చారు. వాయిదా పడిన సమావేశానికి కోరం పట్టింపు లేకపోయినా, అంత ఖర్చును పదకొండు మంది మాట మీద అందరి నెత్తినా వేసే ధైర్యం మాకు చాలలేదు. ఆ వానాకాలమంతా మూడో అంతస్తువాళ్లు మంచాల పక్కన బకెట్లు పెట్టుకుని పడుకున్నారు.

నామినేషన్ రాయడానికి పెద్దవాళ్లు జంకడానికి కారణం ఒక్కటే: చిన్నవాడి పేరు రాస్తే పెద్దవాడికి అన్యాయం చేసినట్టవుతుందేమోనన్న భయం. 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘాల చట్టంలో 2019లో గృహ సంఘాల కోసం చేర్చిన అధ్యాయం ప్రకారం, నామినీని తాత్కాలిక సభ్యుడిగా మాత్రమే చేర్చుకుంటారు; వారసులు సభ్యులయ్యేదాకా సొసైటీతో వ్యవహారం నడిపే మనిషి అతడు. ఈ మాటను తెలుగులో, ఇంట్లో కూర్చుని, పిల్లలందరి ఎదుటా చెప్పండి. ఫారాలు మరాఠీలో ఉంటాయి కనుక చదివి వినిపించి, మూడు ప్రతుల మీద సంతకమో వేలిముద్రో సాక్షుల ముందు వేయించి, కమిటీ సమావేశంలో నమోదు చేసిన తరువాత ఒక ప్రతిని వారికే తిరిగి ఇవ్వండి.

సమావేశాలకు రాలేని సభ్యులు తమ కొడుకునో కూతురినో అల్లుడినో కోడలినో అసోసియేట్ సభ్యులుగా సూచించవచ్చు. సభ్యురాలు ముందుగా రాతపూర్వకంగా సమ్మతిస్తే ఆ వ్యక్తి ఆమె తరఫున హక్కులూ బాధ్యతలూ నిర్వహించవచ్చు. మా దగ్గర కమిటీలోకి కొత్త తరం వచ్చింది ఈ దారినే. ముఖ్యంగా కోడళ్లు వచ్చారు.

తరువాత భవనం

సొసైటీలకు నమూనాగా ఇచ్చిన నియమావళి, అంటే ఆదర్శ ఉపవిధుల ప్రకారం భవనం వయసు 15 నుంచి 30 ఏళ్ల మధ్య ఉంటే అయిదేళ్లకొకసారి, 30 దాటితే మూడేళ్లకొకసారి స్ట్రక్చరల్ ఆడిట్, అంటే భవనం గట్టిదనాన్ని ఇంజినీరు చేత పరీక్ష, చేయించాలి. పాత మూడంతస్తుల భవనాలకే ఇది వర్తిస్తుందని అనుకోకండి. షోలాపూర్ దగ్గరి కుంభారిలో బీడీ కార్మిక మహిళల సహకార సంఘం కట్టించిన 10,000 ఇళ్లు 2006లో చేతికి వచ్చాయి. వాటికి 2021లోనే పదిహేనేళ్లు నిండాయి.

ఆడిట్ చేసే ఇంజినీరును సొసైటీయే ఎంచుకోవాలి. మరమ్మతు చేసే కాంట్రాక్టరు తెచ్చిన మనిషి రాసే నివేదికలో పని ఎప్పుడూ పెద్దదిగానే కనిపిస్తుంది. పరీక్షలు జరిగేటప్పుడు ఇద్దరు సభ్యులైనా పక్కనే నిలబడి చూడండి. మా పిల్లర్ ఒకదాన్ని చిన్నగా చెక్కి, ఇంజినీరు దాని మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాడు. కాంక్రీటులో క్షారగుణం మిగిలి ఉంటే అది గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆ గుణం పోయిన చోట రంగు మారదు. పైనుంచి ఇనుప చువ్వదాకా ఏ రంగూ రాలేదు. చువ్వ దాటిన తరువాతే గులాబీ కనిపించింది. చువ్వకు కాపుదల పోయిందని, అది తుప్పు పట్టి ఉబ్బుతూ పైనున్న కాంక్రీటును నెట్టేస్తోందని, ఊడిపడుతున్న పెచ్చుల మూలం అదేనని ఆ క్షణంలో చదువురాని సభ్యులకు కూడా అర్థమైంది. అరవై పేజీల నివేదిక చేయలేని పనిని ఆ ఒక్క మరక చేసింది.

ఈ ఊళ్లో నల్లా నీళ్లు రోజూ రావు. అందుకని ప్రతి ఇంటివారూ డాబా మీద ఒక ట్యాంకు చేర్చుతూ పోతారు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే ఒక టన్ను. స్లాబు మీద ఉన్న ట్యాంకులన్నీ లెక్కపెట్టి, ఎన్ని ఉంచవచ్చో, ఏ దూలం మీదికి జరపాలో ఇంజినీరు చేత రాయించుకోండి, మిగిలిన నీటికి కింద సంపు కట్టించండి.

మరమ్మతులో వరుస తప్పకూడదు. బలహీనపడిన చోట జాకీలు పెట్టి బరువు ఆపాలి, తరువాత నీటి కారుడు మూసేయాలి, ఆ తరువాత పిల్లర్లూ దూలాలూ, చిట్టచివర రంగు. కారుతున్న గోడకు ముందే రంగు వేయడమంటే చెడును కంటికి కనబడకుండా కప్పడమే.

డబ్బు

భవనం పాతబడితే పెద్ద పనుల కోసం కూడబెట్టే సింకింగ్ ఫండ్‌కు ఏటా ఇంటి నిర్మాణ వ్యయంలో కనీసం 0.25 శాతం, మరమ్మతుల నిధికి 0.75 శాతం వసూలు చేయాలి. 1980ల మొదట్లో 40,000 రూపాయలతో కట్టిన ఇంటికి ఆ లెక్కన ఏడాదికి 100, 300 రూపాయలు వస్తాయి. 24 ఇళ్లూ కలిపినా 9,600. ఇప్పటి ధరల్లో ఆ డబ్బుతో చెప్పుకోదగ్గ పని ఏదీ కాదు. కాబట్టి సింకింగ్ ఫండ్‌కు చెప్పిన 0.25 శాతం కనీస మొత్తమే అన్న సంగతి పట్టుకుని, ఆడిట్‌లో తేలిన ఖర్చును అయిదారేళ్లకు పంచి, నెలవారీ మొత్తాన్ని సెప్టెంబర్ 30 లోపు జరగవలసిన వార్షిక సర్వసభ్య సమావేశంలో నిర్ణయించండి. నెలకు 1,000 రూపాయల పీఎఫ్ పింఛనుతో బతికే బీడీ కార్మికురాలిని ఒక్కసారిగా అర లక్ష తెమ్మనడం, ఇల్లు అమ్ముకుని పొమ్మనడంతో సమానం. అద్దెకిచ్చిన ఇళ్ల నుంచి సర్వీస్ చార్జీలలో 10 శాతం వరకు అదనంగా తీసుకోవచ్చు, దాన్ని వదులుకోకండి.

మెట్లు, సమావేశాలు

లిఫ్టు పెట్టే వీలు లేని భవనంలో మెట్లకు రెండు వైపులా పట్టుకమ్మీ, ప్రతి మలుపులో ఒక బల్ల వెంటనే ఏర్పాటు చేయవచ్చు. పై అంతస్తు పెద్దలూ కింది అంతస్తు యువకులూ ఇళ్లు మార్చుకోవడానికి ఉపవిధులు ఒప్పుకుంటాయి, అయితే స్టాంపు ఖర్చు ముందే కనుక్కోండి. సమావేశాన్ని కింద వాకిట్లోనే పెట్టి, మాటలు తెలుగులో, మినిట్స్ మరాఠీలో నడపండి.

కొత్త కుటుంబాలు

సొసైటీ పెరగాలంటే అమ్ముడయ్యే ఇళ్లలోకి చిన్న వయసువారు రావాలి. మహానగరపాలిక పరిధిలో, ఇల్లు చేతులు మారినప్పుడు సొసైటీ తీసుకునే బదిలీ ప్రీమియం 25,000 రూపాయలకు మించకూడదు. దానికి మించి విరాళమని అడిగే సొసైటీలు తమ భవిష్యత్తును తామే గుమ్మం బయట నిలబెడుతున్నాయి. చేరినవారికి మొదటి నెలలోనే ఆడిట్ నివేదిక, నిధుల లెక్క చూపించండి.

మరమ్మతుతో లాభం లేదని ఇంజినీరు తేల్చినప్పుడే పునర్నిర్మాణం గురించి ఆలోచించాలి. దానికి ముందు భూమి కాగితాలు చూడండి. స్థలం ఇంకా బిల్డరు పేరిటే ఉంటే, 1963 నాటి యాజమాన్య ఫ్లాట్ల చట్టం 11వ సెక్షన్ కింద జిల్లా ఉప నిబంధకుని (డిప్యూటీ రిజిస్ట్రార్) దగ్గర డీమ్డ్ కన్వేయన్స్ కోసం, అంటే బిల్డరు ముందుకు రాకపోయినా స్థలాన్ని సొసైటీ పేరిట మార్పించుకోవడం కోసం, దరఖాస్తు చేయాలి. డెవలపర్ ఎంపికను 2019 జూలై 4 నాటి ప్రభుత్వ నిర్ణయం ప్రకారం బహిరంగ టెండర్లతో, వీడియో తీస్తూ సాగించాలి. ప్రాజెక్టు ఖర్చులో 20 శాతానికి బ్యాంక్ గ్యారంటీ అడగాలి. పనులు నడిచే రెండు మూడేళ్లు పెద్దవాళ్లు అలవాటైన దవాఖానాకు, గుడికి నడిచి వెళ్లగలిగే దూరంలో, అదే పేటలో, కింది అంతస్తులో ఉండేలా చూడాలన్న షరతును కూడా ఒప్పందంలోనే రాయించండి. ఆ కాలానికి డెవలపర్ ఇచ్చే అద్దె చెక్కు సభ్యురాలి పేరిట, ఆమె ఖాతాలోకే రావాలని కూడా అందులో ఉండాలి.