పంజరం దాటిన పక్షి స్థిరపడిందో లేదో తేల్చుకోవడం ఎలా?

పెంపుడు పక్షి ఒకటి బయట స్వేచ్ఛగా ఎగురుతూ కనిపించినంత మాత్రాన ఆ జాతి అక్కడ స్థిరపడినట్టు కాదు. మనుషుల ద్వారా కొత్త చోటికి చేరిన పక్షులు, కొత్తగా తప్పించుకుని వచ్చేవాటి అండ లేకుండానే, కొన్ని తరాలపాటు పిల్లలను పెంచుకుంటూ నిలదొక్కుకున్నప్పుడే అవి స్థిరపడ్డాయని చెప్పాలి.

ముందుగా పక్షి కాళ్లు చూడండి. అతుకు లేని రింగును గూటిలోని పసిపిల్లకే తొడగగలరు. పాదం పెరిగాక అది పట్టదు. కాబట్టి అటువంటి రింగు ఉంటే ఆ పక్షి పెంపకంలో పుట్టినదనే అనుకోవచ్చు. రింగు లేనంత మాత్రాన అడవిలో పుట్టినదని మాత్రం అనుకోకూడదు. కత్తిరించిన రెక్కలు, పంజరపు ఊచలకు రాసుకుని చిట్లిన తోక కూడా మంచి ఆధారాలే గాని, పాత ఈకలు రాలి కొత్తవి మొలిచాక అవి మిగలవు.

తర్వాత చూడవలసింది సంతానం. జంట కనిపిస్తే సరిపోదు. నోట మేత కరుచుకుని తొర్రలోకి వెళ్లడం, ఎగరడం నేర్చిన పిల్లలు తల్లిదండ్రుల వెంటపడి మేత అడగడం వంటివి తేదీతో సహా రాసుకోవాలి. రామచిలుకల విషయంలో ఒక జాగ్రత్త అవసరం: మగదాని మెడచుట్టూ నలుపు, గులాబీ రంగుల పట్టీ రావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది కనుక, పట్టీ లేనివన్నీ ఆడవని లెక్కవేస్తే గుంపులోని లేత మగవి లెక్కలోకి రావు.

సంఖ్య కోసం సాయంత్రం అవి గుంపుగా రాత్రి బసకు చేరే చెట్ల దగ్గర లెక్కించడం తేలిక. అయితే పొదిగే కాలంలో ఆడవి తొర్రల్లోనే ఉండిపోతాయి కాబట్టి, ఏటా ఒకే నెలలో లెక్కిస్తేనే పోలికకు అర్థం ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైనది ఓపిక పట్టడం. పక్షి పరిశీలకుల సంఘమైన అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ ఇటువంటి జాతిని తన పక్షుల జాబితాలో చేర్చడానికి కనీసం 15 ఏళ్ల మనుగడను కోరుతుంది. అది అతి జాగ్రత్త అనిపించవచ్చు గాని, ఆ గడువు కూడా సరిపోని సందర్భాలున్నాయి. కెనడాలోని వాంకూవర్‌లో 19వ శతాబ్దం చివర్లో చేరి వేల సంఖ్యకు పెరిగిన జుట్టు గోరింకలు క్రమంగా తగ్గి, 2003 నాటికి పూర్తిగా అంతరించాయి. ఫ్లోరిడా తీరంలో ఒకప్పుడు పెద్ద గుంపులుగా తిరిగిన బడ్జీలదీ (పంజరాల్లో పెంచే చిన్న చిలుకలు) ఇదే కథ.

చాలామంది పరిశీలకులు పంజరం నుంచి వచ్చినదే కదా అని నమోదు చేయకుండా వదిలేస్తారు. దానివల్ల తొలి సంవత్సరాల చరిత్రే దొరకకుండా పోతుంది. పరిశీలకులు తాము చూసిన పక్షులను నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లో తప్పించుకున్నవి, ఇంకా తేలనివి, స్థిరపడినవి అని వేర్వేరు వర్గాలున్నాయి కాబట్టి సందేహించకుండా నమోదు చేసి, కాళ్లు స్పష్టంగా కనిపించే ఫొటో జతచేయండి. మనుషులు పెట్టే మేత మీదే బతుకుతున్నాయా అన్నదీ రాయండి.

గూళ్లు కట్టడం మొదలైందని తేలితే, పట్టుకునే ప్రయత్నం చేయకుండా వన్యప్రాణి అధికారులకు వెంటనే తెలియజేయాలి. బ్రిటన్‌లో పెంపకం నుంచి తప్పించుకున్న రడ్డీ బాతుల సంతతి స్పెయిన్ చేరి, అక్కడి అరుదైన తెల్లతల బాతులతో జతకట్టి సంకర సంతానాన్ని కన్నాక, వాటిని తొలగించడానికి ఏళ్ల తరబడి శ్రమించవలసి వచ్చింది.