కచేరీ చెవులతో ఇసాన్ ‘ఆఫ్టర్’ వినడం ఎలా

నేను నల్లకుంటలో పిల్లలకు వయొలిన్ చెప్తాను. సాయంత్రం క్లాసులు అయిపోయాక మా ఇంట్లో ఎక్కువగా మోగేది మెటల్, అంటే కరకు గిటార్లు, భారీ డ్రమ్స్‌తో సాగే రాక్ సంగీతం. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే తల్లిదండ్రులు గుమ్మం దగ్గర ఆగి, “ఆ అరుపుల్లో ఏముంటుంది మేడమ్?” అని అడుగుతుంటారు. నిజంగా తెలుసుకోవాలని అడిగినవాళ్లకు నేను ముందు ఇచ్చేది నార్వే సంగీతకారుడు ఇసాన్ 2010లో తెచ్చిన ‘ఆఫ్టర్’. మెటల్‌లోనే బాగా వేగంగా, అరుపు గొంతుతో సాగే బ్లాక్ మెటల్‌లో పెరిగిన మనిషి చేసిన ప్రోగ్రెసివ్ మెటల్ ఆల్బం ఇది, అంటే పాటల అల్లిక పెద్దది, వేరే సంగీతాలనూ కలుపుకుంటుంది. ఇందులో జాజ్ సాక్సోఫోన్ ఉంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినే ఓపిక మీకుంటే, దీనికి కావాల్సిన ఓపిక మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ముందు వినే సాధనం సంగతి. ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. ఈ ఆల్బంలో ఇసాన్ వాయించినవి ఎనిమిది తీగల గిటార్లు. మామూలు గిటార్‌లో అన్నిటికన్నా మంద్రంగా పలికే తీగ 82 హెర్ట్జ్ దగ్గర ఉంటే, ఎనిమిది తీగల గిటార్‌లో అది మామూలు శ్రుతిలో 46 దగ్గరికి దిగుతుంది. ఫోన్ స్పీకర్ ఆ అడుగు స్వరాలను పలికించలేదు. అడుగు పోతే మీకు మిగిలేది పైనున్న గోల ఒక్కటే. అది విని “ఇదంతా రొద” అనుకోవడంలో మీ తప్పేమీ ఉండదు. ఖరీదైన హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో దొరికే మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు. చెవిలో గట్టిగా కూర్చోవాలి, అంతే. వాల్యూమ్ సగం దాటించకండి. ఈ సంగీతంలో బరువు శబ్దం పెంచితే వచ్చేది కాదు.

మొదటిసారి మెట్రోలోనో ఆటోలోనో వద్దు, ఇంట్లోనే వినండి. అలవాటయ్యాక మియాపూర్‌లో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగేలోపు ఇంచుమించు మొత్తం అయిపోతుంది. ఆల్బం నిడివి యాభై మూడు నిమిషాలు, ఎనిమిది పాటలు.

ఇక అసలు విషయం. మొదటి పాటతో మొదలుపెట్టకండి. చివరి పాట ‘ఆన్ ద షోర్స్’ పెట్టండి. పది నిమిషాల పాట, నడక నెమ్మది. గిటార్లు కింద బరువుగా కదులుతుంటే సాక్సోఫోన్ పైన పొడుగ్గా పాడుతుంది. మొదటిసారి గొంతునూ డ్రమ్స్‌నూ పట్టించుకోకుండా సాక్సోఫోన్ వెంటే వెళ్లండి. అది ఇత్తడితో చేసిన వాయిద్యమే అయినా శబ్దం పుట్టేది నోట్లో ఉండే రెల్లు పీకలో. మన సన్నాయికి జంట పీక, దీనికి ఒంటి పీక. ఆ పీక మీద కింది పెదవి పట్టు సడలిస్తే స్వరం కిందికి వంగుతుంది, బిగిస్తే మళ్లీ పైకి వస్తుంది. ఒక స్వరం మొదలైనప్పుడు కాస్త కిందనుంచి జారుతూ వచ్చి నిలబడటం, నిలబడ్డాక చివర వణకడం, ఊపిరి గట్టిగా తోసినప్పుడు గరగరమని చిరగడం, ఈ మూడూ గుర్తుపట్టండి. గమకం విని పెరిగిన చెవికి ఇది కష్టం కాదు.

ఈ సాక్సోఫోన్ వాయించింది యోర్గెన్ మున్కేబి. నార్వేలోనే ‘షైనింగ్’ అనే బృందం ఆయనది. 1999లో అకూస్టిక్ జాజ్ బృందంగా మొదలై తర్వాత మెటల్ వైపు తిరిగింది. అంటే ఇసాన్ మెటల్ నుంచి జాజ్ వైపు వస్తుంటే, మున్కేబి జాజ్ నుంచి మెటల్ వైపు వెళ్తున్నాడు. ఇద్దరూ దారి మధ్యలో కలుసుకున్నారు. అందుకే ఇక్కడ సాక్సోఫోన్ పైపూతలా వినిపించదు.

మా పెద్దనాన్నకు ఇదే పాట వినిపించాను. ఆయన కద్రి గోపాల్‌నాథ్ భక్తుడు, క్యాసెట్లు ఇప్పటికీ పారేయలేదు. నాదస్వర విద్వాంసుడి కొడుకు సాక్సోఫోన్‌ను కర్ణాటక సంగీతానికి ఒప్పించిన కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని పూర్తిగా విన్నారు. “వీడెవడోగానీ ఊపిరి ఉన్నవాడమ్మా,” అన్నారు. కాసేపాగి, “ఆ మధ్యలో అరిచేవాడికి గొంతు పోదా?” అని అడిగారు. “సరిగ్గా నేర్చుకున్నవాళ్లకు పోదు పెద్దనాన్నా, అదీ సాధనే,” అన్నాను. “అయితే ఇంకొకటి పెట్టు,” అన్నారు.

రెండోది ‘అండర్‌కరెంట్’. ఇదీ పది నిమిషాలే. నెమ్మదిగా, పలచగా మొదలై బరువెక్కుతుంది. ఇక్కడ ఇసాన్ రెండు గొంతులూ వినండి, మామూలుగా పాడేదీ, గీసుకుపోయే అరుపూ. అరుపులో మాటలు వెతకొద్దు. అది ఏ చోట వస్తోందో, ఎంతసేపు సాగుతోందో చూడండి. తర్వాత సాక్సోఫోన్ వచ్చినప్పుడు ఒక్కటి గమనించండి: అరుపు ఆగిన చోట ఇది అందుకుంటుంది. సాక్సోఫోన్ పలికే స్థాయి మనిషి గొంతుకు దగ్గర. గొంతు చెప్పగలిగినంత చెప్పాక మిగిలింది సాక్సోఫోన్ చెబుతోందని నా నమ్మకం. ఈ ఆల్బం నాకు ప్రాణం కావడానికి కారణం అదే.

మూడోది ‘ఎ గ్రేవ్ ఇన్వర్స్‌డ్’. అసలు పరీక్ష ఇది. నాలుగున్నర నిమిషాలలోపే, కానీ ఆల్బం మొత్తంలో ఇంత ఉధృతమైన పాట లేదు. డ్రమ్స్ వాయించిన ఆస్గైర్ మికెల్సన్ ఇక్కడ బ్లాస్ట్ బీట్ పట్టుకుంటాడు. కాలితో వాయించే కిక్ డ్రమ్, కర్రతో వాయించే స్నేర్ డ్రమ్ ఒకదాని వెంట ఒకటి క్షణం సందు లేకుండా పడతాయి. మన అలవాటు కొద్దీ చెయ్యి ఆ దెబ్బలకే తాళం వెయ్యబోతుంది. వెయ్యొద్దు, రెండు నిమిషాల్లో అలిసిపోతారు. గిటార్ స్వరం ఎప్పుడు మారుతోందో దానికి వెయ్యండి. పైన ఎంత వేగం ఉన్నా, కింద మార్పు నిదానంగా జరుగుతుంటుంది. గిటార్ తీగను గబగబా మీటడం కూడా వేగం చూపించడానికి కాదు, మాండలిన్ మీద స్వరం నిలబెట్టడానికి మీటినట్టే. వయొలిన్‌లో నేను ఒక్క కమాను లాగి చేసే పనిని వాళ్లు వంద మీటులతో చేస్తారు. నిదానంగా కదిలే ఆ పొర దొరికిందంటే బ్లాక్ మెటల్ మొత్తం మీకు తెరుచుకున్నట్టే. ఆ సుడిలోకి సాక్సోఫోన్ దూకినప్పుడు రాగం కోసం చూడకండి. అక్కడ అది అరుస్తోంది. అరవనివ్వండి.

ఇప్పుడు మొదటి పాట ‘ద బారెన్ ల్యాండ్స్’ నుంచి వరసగా వినండి. ‘ఆస్టియర్’ దగ్గర చెవులకు విశ్రాంతి దొరుకుతుంది. ‘హెవెన్స్ బ్లాక్ సీ’లో సాక్సోఫోన్ మళ్లీ వస్తుంది. లార్స్ నోర్‌బెర్గ్ వాయించిన బాస్ గిటార్ కోసం ఇంకోసారి వినాలి, ఇయర్‌ఫోన్స్ ఎందుకు అన్నానో అప్పుడు అర్థమవుతుంది.

ఈ మనిషి ఎక్కడినుంచి వచ్చాడో తెలిస్తే వినడం ఇంకా బాగుంటుంది. నోటోడెన్ అనే ఊళ్లో 1991లో మొదలైన ‘ఎంపరర్’ బృందానికి గొంతు ఇసాన్‌దే. వాళ్ల తొలి పూర్తి ఆల్బం 1994లో వచ్చేటప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. ఆ రోజుల్లో నార్వే బ్లాక్ మెటల్ మనుషుల్లో కొందరు చర్చిలు తగలబెట్టారు, హత్యలూ జరిగాయి. ఎంపరర్ సభ్యులకు కూడా జైలు శిక్షలు పడ్డాయి. ఇసాన్ వాళ్లలో లేడు. పిల్లలకు ఈ సంగీతం ఇచ్చేముందు తల్లిదండ్రులకు ఈ విషయం నేనే చెప్తాను, దాచడం నాకిష్టం లేదు. ఎంపరర్ 2001లో చివరి ఆల్బం చేశాక అతను సొంతంగా 2006లో ఒకటి, 2008లో ఒకటి చేశాడు. ‘ఆఫ్టర్’ ఆ వరసలో మూడోది.

ఇది నచ్చితే తర్వాత 2012లో వచ్చిన ‘ఎరెమిటా’ వినండి, మున్కేబి అందులోనూ ఉన్నాడు. షైనింగ్ బృందం ‘బ్లాక్‌జాజ్’ కూడా 2010లోనే వచ్చింది. అది దీనికన్నా చాలా కటువు, కాబట్టి ‘ఎ గ్రేవ్ ఇన్వర్స్‌డ్’ను మీ అంతట మీరే మళ్లీ పెట్టుకునే రోజు వచ్చాకే దాని జోలికి వెళ్లండి.