వలస పాలనలోని గ్రహం కథ రాయడం ఎలా? ముందు కాలువ గట్టు దాకా నడిచి రండి

ప్రతి ఆదివారం సాయంత్రం బెజవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద పది పన్నెండు మంది చేరతాం. ఎవరు రాసుకొచ్చిన కథ వాళ్లు చదువుతారు. సైన్స్ ఫిక్షన్ మోజున్న పిల్లలే ఎక్కువ. ఆరేళ్లుగా వింటున్నాను, సగం కథలు ఒకటే కథ. ఆకాశంలోంచి ఓడ దిగుతుంది, అందులోంచి పచ్చరంగు దుర్మార్గులు దిగుతారు, నీళ్లు దోచుకుంటారు, చివరి పేజీలో ఓ కుర్రాడు వాళ్ల కంప్యూటర్‌ని పేల్చేస్తాడు. "వలస పాలన మీద రాశాను సార్" అంటారు. వలస పాలన ఎలా ఉంటుందో బెజవాడ వాళ్లకి కూడా చెప్పాలా? రోజూ తెల్లదొరలు తవ్వించిన ఆ కాలువ గట్ల మీదుగానే కదా బండి నడిపేది!

కావలసినవి: ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక బాల్‌పెన్. ల్యాప్‌టాప్ వద్దు. గ్రహం పేరు మూడక్షరాలు దాటకూడదు. సంవత్సరం వేయకూడదు. పన్నెండు పేజీల్లో అయిపోవాలి. ఎందుకని అడగకండి, అంతే.

కొంతమంది ముందు గ్రహం మ్యాపు గీస్తారు. రెండు చందమామలు, మూడు సముద్రాలు, ఒక కొత్త భాష. నాలుగు నెలలు మ్యాపుతోనే గడిచిపోతుంది, కథ ఉండదు. నా పద్ధతిలో మ్యాపు లేదు. బందరు కాలువ గట్టు మీద అరగంట నడిచి మూడు వస్తువులు పట్టుకురావాలి: ఒక మొక్క, ఒక పన్ను, ఒక యంత్రం.

మొక్క తేలిక. నీళ్లు కనపడకుండా పరుచుకున్న గుర్రపుడెక్కను ఒకటి పైకి లాగండి. కాడ మధ్యలో ఉబ్బి ఉంటుంది. నొక్కితే టప్పుమంటుంది, లోపలంతా గాలి గదులు. వేళ్లు నల్లగా, తడిసిన జుట్టులా వేలాడతాయి. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పువ్వు బాగుందని తెచ్చి పెంచుకున్నారు. ఇలాంటి ప్రాణి చేతిలో ఉండగా కోరల జంతువు దేనికి? 1898లో ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్ 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలలో మార్స్ వాళ్లని ఇంగ్లండు మీదికి దింపినప్పుడు వాళ్ల వెంట ఎర్ర కలుపు ఒకటి వచ్చి నదుల్ని కమ్మేస్తుంది. తన దేశం వాళ్లు టాస్మానియా దీవి ఆదివాసుల్ని ఎలా ఊచకోత కోశారో మొదటి అధ్యాయంలోనే గుర్తుచేసి మరీ రాశాడాయన. ఆ ఎర్ర కలుపు చివరికి రోగం వచ్చి చస్తుంది. మన గుర్రపుడెక్కకి ఆ రోగం ఇంకా రాలేదు.

గుర్రపుడెక్క వద్దనుకుంటే సర్కారు తుమ్మ తీసుకోండి. 1870ల్లో అమెరికా వైపు నుంచి తెప్పించి నాటిన చెట్టు. పేరులోనే సర్కారు ఉంది, ఇక మీరు పెట్టే ఉపమానం ఏముంది? అలాగని బయటినుంచి వచ్చిందల్లా శత్రువే అని రాస్తే గుంటూరు వాళ్లు ఊరుకోరు. మిరప కూడా అమెరికాదే, పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చింది. ఇవాళ మిర్చి యార్డులో టిక్కీల మీద టిక్కీలు, అంటే బస్తాల మీద బస్తాలు.

తర్వాత పన్ను. పల్నాడులో అడవిలో పశువుల్ని మేపుకుంటే పుల్లరి కట్టమన్నారు. తాతల నాటి నుంచి మేస్తున్న గడ్డికి రసీదు! ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును 1922లో కాల్చి చంపారు. మీ గ్రహంలో నిన్నటిదాకా ఊరికే దొరికి ఇవాళ రసీదు పుస్తకంలోకి ఎక్కిందేమిటో తేల్చుకోండి. గాలి అనకండి. గాలి పన్ను కథలు నలభై విన్నాను. నీడ మీద పన్ను వేసి చూడండి.

ఇక యంత్రం. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి.

యంత్రాన్ని చెడ్డదాన్ని చేయకండి. 1832-33లో నందన కరువు వచ్చింది. డొక్కలు ఎండిపోయి చచ్చారు కాబట్టి డొక్కల కరువన్నారు. ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షకు పైగా జనం పోయారు, కృష్ణ పక్కనే పారుతుండగా. ఇరవై ఏళ్లకి, 1852లో మొదలుపెట్టి 1855 కల్లా బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. మన యంత్రం అదే. మెట్ట పైర్ల నేలలో వరి పండింది, కాలువల్లో పడవలు తిరిగాయి. బిడ్డను కరువులో పోగొట్టుకున్న ఏ తల్లీ ఆ ఆనకట్ట వద్దని ఉండదు. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్లకీ అది కావాలి. రైతు చస్తే శిస్తు ఎవరు కడతారు? పంట పెరిగితే శిస్తు పెరుగుతుంది, పైన నీటి తీరువా, అంటే నీళ్లకి పన్ను. ఆ దొరల పాలనే దిగువన నీళ్లిచ్చింది, ఎగువన గడ్డికి పన్నేసింది.

ఈ రెండూ మీ కథలో ఒకే పేరాలో ఉండాలి. మొదటి సగంలో యంత్రం మంచిది, రెండో సగంలో మోసం బయటపడింది అని విడదీస్తే అది సినిమా ఇంటర్వెల్ అవుతుంది.

ఒక పిల్ల రాసింది: "మీటరు అధికారి క్రూరంగా నవ్వి, ఇక మీ నీళ్లు మావి అన్నాడు." కొట్టేయమన్నాను. మూడు వారాలు అలిగి నాలుగో వారం ఇలా తెచ్చింది: "మీటరు బిగించే కుర్రాడు చెప్పులు వాకిట్లోనే విప్పాడు. బిగించడం అయ్యాక, కాసిని మంచినీళ్లు ఇస్తారా పిన్నీ అన్నాడు. అవ్వ గ్లాసు నింపింది. మీటరు మొదటి అంకె కదిలింది." మేడ మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. (అవ్వని పిన్నీ అనడం తప్పు. అది తర్వాత దిద్దాం.)

ఇదే మెట్టులో ఇంకో జాగ్రత్త. దొరలు వెళ్లిపోగానే కథ ఆపేస్తారు. యంత్రం వెళ్లిపోదు. ఆ పాత ఆనకట్ట 1952లో తెగింది, 1957కల్లా మనమే బ్యారేజీ కట్టుకున్నాం. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్లని గుద్దాయి. ఊరంతా టెన్షన్‌గా బ్యారేజీ వైపే చూస్తుంటే వెనక నుంచి బుడమేరు వాగు వచ్చి సింగ్‌నగర్‌ని ముంచింది. మీ గ్రహంలో ప్రమాదం అందరూ చూస్తున్న వైపు నుంచి రాకూడదు. దొర పోయాక గేటు చక్రం ఎవరి చేతిలో ఉందో, ఎవరు ఫోన్ చేస్తే అతను తిప్పుతాడో రాయండి. అతను కాలువ గేట్లు చూసుకునే లస్కరు కావచ్చు, రోబో కావచ్చు, నాకు తేడా లేదు.

మిగతాదంతా మామూలే. తిరగరాయండి, విశేషణాలు తీసేయండి, ఓడ వర్ణన రెండు వాక్యాలకు కుదించండి.

చివరగా, కథను సాహిత్యం తెలిసినవాళ్లకి కాకుండా పొలం ఉన్నవాళ్లకి చదివి వినిపించండి. నా మొదటి వలస గ్రహం కథను తెనాలి దగ్గర మా మేనమామకి చదివాను. పడక్కుర్చీలో కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఆ కాలువ శివారు భూముల దాకా పారిందట్రా?" అన్నాడు.

నా గ్రహంలో శివారు భూములే లేవు. ఆ రాత్రి నోట్‌బుక్ తిరగేసి మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి కాలువ చివరి ఊరి నుంచి.